స్టాండ్లు బీరువాలో, పిలకాయలు బండి కింద

సంపాదకులు గారికి నమస్కారం.

ఐటీఐల్లో అడ్మిషన్లు జరుగుతున్న రోజులివి. పదో తరగతి గట్టెక్కిన పిలకాయలు మోటారు మెకానిక్ ట్రేడు ఎక్కడ దొరుకుతుందా అని తిరుగుతున్నారు. రెండేళ్ల కోర్సు, చేతిలో పని, ఆ తర్వాత అప్రెంటిస్. మంచిదే. నా కూతురి కొడుకు పోయినేడు అందులోనే చేరాడు. వాడమ్మ డిప్లొమా అంటుంటే కాదని ఇందులో వేయించింది నేనే. కాబట్టి ఈ ఉత్తరం రాయాల్సింది కూడా నేనే.

నేను కావలిలో లారీ మేస్త్రిని. 14వ ఏట హెల్పరుగా చేరాను. రెండేళ్ల కిందట మోకాళ్లు మొరాయిస్తే షెడ్డు మూశాను. మధ్యలో 50 ఏళ్లు హైవే బండ్ల కిందే గడిచిపోయాయి. ఆ రోడ్డుని మా చిన్నప్పుడు జీఎన్‌టీ రోడ్డు అనేవాళ్లం, తర్వాత ఐదో నంబరు అయింది, ఇప్పుడు పదహారో నంబరు. దాని పేరు ఇన్నిసార్లు మారింది గానీ, దాని పక్కన మనిషి బండి కిందికి దూరే పద్ధతి మాత్రం నేను చూసినంతలో పెద్దగా మారలేదు.

పోయిన నెలలో తల్లిదండ్రుల సమావేశమంటే, అల్లుడికి సెలవు దొరక్క నేను పోయాను. సంస్థ పేరు రాయను. రాస్తే అక్కడి సారు ఉద్యోగానికి ఎసరు పెట్టినట్టవుతుంది, ఆయన చెడ్డవాడు కాదు. సమావేశం ఎటూ ఆలస్యమని వర్క్‌షాపు వైపు నడిచాను. ఆడ ఒక పాత కారు వెనక వైపు జాకీ మీద లేచి ఉంది. కింద నుంచి రెండు జతల కాళ్లు బయటికున్నాయి. ఒక జతకి హవాయి చెప్పులు, రెండో జతకి అవీ లేవు. ముందు చక్రాలకి అడ్డం ఒక రాయి కూడా పెట్టలేదు. అలవాటు కొద్దీ కిటికీలోంచి తొంగి చూస్తే హ్యాండ్ బ్రేకు పైకి లాగే ఉంది. పిలకాయల ధైర్యమంతా అదే. కానీ మామూలుగా కార్లలో హ్యాండ్ బ్రేకు పట్టేది వెనక చక్రాలని. ఆ చక్రాలు రెండూ గాల్లో ఉంటే బ్రేకు పట్టుకున్నది గాలినే. ముందు చక్రాలు ఎటంటే అటు దొర్లుతాయి. బిగుసుకుపోయిన నట్టు మీద స్పానరు వేసి కింద ఒకడు ఊపుగా లాగితే చాలు, బండి నాలుగు వేళ్లు జరుగుతుంది, జాకీ ఒరుగుతుంది.

"అబ్బయ్యా, బయటికి రండి" అన్నాను.

"రెండు నిముషాలు తాతా" అని లోపల్నుంచి ఒక గొంతు.

ఆ రెండు నిముషాలు నాకు బాగా తెలిసినవి. 1979 మే నెలలో సింగరాయకొండ దాటాక మా మేస్త్రికి తెలిసిన లారీ ఒకటి మెయిన్ కట్ట, అంటే స్ప్రింగు పట్టీల్లో పెద్దది, విరిగి ఆగిపోతే, మేము ముగ్గురం పోయాం. మిట్టమధ్యాహ్నం. తారు చెప్పుకి అంటుకుని సాగుతా ఉంది. రోడ్డు అంచున జాకీ పెట్టి లేపాం. నాతోపాటు పనిచేసే హెల్పరు, నాకంటే ఏడాది చిన్న, "రెండు నిముషాలన్నా, యూ బోల్టు ఒకటే మిగిలింది" అని దూరాడు. కరిగిన తారులోకి జాకీ అడుగు ఒక పక్కగా దిగింది. అది దిగడం మేము ఎవరం చూడలేదు, బండి కూర్చోవడమే చూశాం. 108 వచ్చింది 2005లో. అప్పుడు ఇంకో లారీని ఆపి వాణ్ణి ఎక్కించుకుని పోయాం. దారిలోనే పోయాడు.

మరుసటి వారం మా మేస్త్రి రైల్వే వాళ్ల పాత స్లీపరు చెక్క ఒకటి కొనుక్కొచ్చి నాలుగు ముక్కలు కోయించాడు. 30 రూపాయలయింది. అప్పట్నుంచి జాకీతో లేపడం, స్లీపరు ముక్కలు పేర్చడం, బరువు వాటి మీదికి దించడం, అప్పుడు దూరడం. నా షెడ్డు మూసేదాకా అదే పద్ధతి. జాకీ ఉన్నది లేపడానికే. లోపల ఉండేది కాస్త నూనె, దాన్ని ఆపే ఒక రబ్బరు సీలు. ఆ సీలు ఎప్పుడు లొంగుతుందో జాకీ కొన్నవాడికీ తెలియదు, అమ్మినవాడికీ తెలియదు. ఇటుకలు, సిమెంటు దిమ్మెలు పేర్చేవాళ్లు కూడా ఉన్నారు. ఇటుక బరువైతే మోస్తుంది గానీ, పగిలేటప్పుడు ముందుగా చెప్పదు. చెక్క అయితే కాస్త మూలుగుతుంది.

సరే, వర్క్‌షాపు సంగతికి వస్తాను. సారు వచ్చారు. జాకీతో లేపినాక బండి బరువు మోయడానికి కింద పెట్టే స్టాండ్లు లేవా అని కొంచెం గట్టిగానే అడిగాను. ఆయన మాట్లాడకుండా నన్ను స్టోరు గదికి తీసుకుపోయి బీరువా తెరిచారు. అడుగు అరలో ఆరు స్టాండ్లు. 3 టన్నులని అచ్చు ఉంది, ఎర్ర రంగు ఒక్క తావులో కూడా రేగలేదు. పై అరలో కళ్లద్దాలు, ప్లాస్టిక్ కవరు ఊడదీయనివి, డజనుకి పైనే. తోలు గ్లౌజులు జతలు జతలుగా దారంతో కట్టినవి కట్టినట్టే ఉన్నాయి. అన్నిటికంటే పైన స్టాకు రిజిస్టరు. దానికి మాత్రం అట్ట నలిగి ఉంది.

"లెక్క సరిపోయిందా అని అడుగుతారు గానీ, వాడుతున్నారా అని ఎవరూ అడగరు పెద్దాయనా. ఒక కళ్లజోడు పగిలితే కండెం చేయించడానికి, అంటే ఇక పనికిరాదని రాయించడానికి, మూడు కాగితాలు. పోతే నా జీతంలో పట్టుకుంటారు. ఇద్దరి పని ఒక్కణ్ణే చూస్తున్నా. వీటిని రోజూ ఇచ్చి సాయంత్రం లెక్కపెట్టి తీసుకునేది ఎవరు?" అన్నారాయన.

నా కోపం ఆయన మీద నుంచి రిజిస్టరు మీదికి మళ్లింది. చీపురు అరిగిపోతుందని ఇల్లు ఊడవకుండా బీరువాలో పెట్టుకుంటామా? కళ్లజోడు ఉన్నదే గీతలు పడటానికి. ఆ గీత అద్దం మీద పడకపోతే కంటిపాప మీద పడుతుంది. గ్రైండరు దగ్గర కూర్చున్నవాడి కంట్లో ఇనపరజను పడితే, మా షెడ్లలో బనియన్ గుడ్డ కొన మెలిపెట్టి తీసేవాళ్లం. కొందరికి వచ్చేది, కొందరికి రెండో రోజు నెల్లూరు బస్సెక్కేదాకా పోయేది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే కళ్ల రక్షణకి విడిగా ఒక సెక్షను రాసి పెట్టారు, 35వది. స్వాతంత్ర్యం వచ్చిన మరుసటేడే తోచిన సంగతి ఇది.

చదువులో లోపమేమీ లేదు. ఈ ట్రేడు సిలబస్ మొదలయ్యేదే భద్రత పాఠాలతో. మావాడి నోటుపుస్తకం చూశాను. ఏ మంటకి మంటలార్పే ఏ సిలిండరు వాడాలో రంగు పెన్సిళ్లతో బొమ్మలేసి రాసుకున్నాడు. నూనె మంట మీద నీళ్లు పోయకూడదని కింద గీత కూడా గీశాడు. సంబరంగా అడిగాను, "మరి ఆ సిలిండరు పిన్ను ఎట్లా లాగుతారో చూపించరా" అని. "గోడకి ఉండేది తాతా, మమ్మల్ని ముట్టుకోనీరు" అన్నాడు.

మంట సంగతి వచ్చింది కాబట్టి మన ప్రాంతానికి సంబంధించిన మాట ఒకటి చెప్పాలి. సామాన్లు కడగడానికి ట్రేలో పెట్రోలు పోసుకోవడం ఎంత ప్రమాదమో చాలామందికి తెలుసు, అది ఎముకలు కొరికే చలిలో కూడా అంటుకునే ఆవిరినిస్తుంది. అందుకని కిరోసిన్‌కి మారి, ఇక భయం లేదనుకుంటారు. కిరోసిన్ ఆవిరి అంటుకోవడానికి 40 డిగ్రీల అటూ ఇటూ వేడి చాలు. రోహిణి కార్తెలో నెల్లూరులో నీడనే 40 దాటుతుంది, మరి రేకుల షెడ్డు కింద ఇనప ట్రే ఎంత కాగుతుందో ఆలోచించండి. చలి దేశాల్లో రాసిన పుస్తకంలో కిరోసిన్ సాధువు కావచ్చు, మన ఎండల్లో కాదు. పైగా ఆ ఆవిరి గాలికంటే బరువు. పైకి పోదు, నేల మీద పాకి, బండి కింద నిలబడి పనిచేయడానికి తవ్విన గుంతలోకి దిగుతుంది. ఆ గుంతలోకే మనం వైరు లాగిన బల్బు పట్టుకుని దిగుతాం.

నా కుడి చెయ్యి ఉంగరం వేలు చూసిన ప్రతివాడూ ఏమయిందని అడుగుతాడు. వేలుంది, కానీ మొదట్లో చుట్టూ ఉంగరం ఆకారంలోనే తెల్లని మచ్చ, ఆ పై కణుపు మడవదు. పెళ్లయిన ఏడాదిలో జరిగింది. 12 వోల్టుల బ్యాటరీ షాకు కొట్టదని అందరికీ ధైర్యం. కొట్టదు, నిజమే. కాలుస్తుంది. తొందరలో ప్లస్ టెర్మినల్ ముందు ఊడదీస్తున్నా. స్పానరు ప్లస్ మీద ఉంది, పట్టుకున్న చేతి ఉంగరం ఒక పక్క స్పానరుకి, ఒక పక్క చాసిస్‌కి, అంటే మైనస్ వైరు కలిపి ఉండే బండి చట్రానికి, తగిలింది. చిటపటమని ఒక్క మెరుపు. ఉంగరం ఎర్రగా కాలిపోయింది, వేలి నుంచి ఊడి రాదు. బకెట్లో చెయ్యి ముంచితే నీళ్లు సుయ్యిమన్నాయి. చివరికి కంసాలి దగ్గర కోయించాం. అత్తగారు పెట్టిన ఉంగరం అది. ఉంగరం పోతే పోయింది వేలు దక్కిందని మా ఇంటావిడ ఆ రోజు అనలేదు, మూడో రోజు అనింది.

మైనస్ ముందు తీసి ఉంటే ఏమీ జరిగేది కాదు. మైనస్ తీసేసినాక స్పానరు చాసిస్‌కి తగిలినా కరెంటు తిరిగిపోయే దారి ఉండదు. బిగించేటప్పుడు మైనస్ ఆఖరున. ఈ ఒక్క ముక్క నాకు ఎవరూ చెప్పలేదు, వేలు చెప్పింది. ఐటీఐలో అయితే చెబుతారనే గదా మావాణ్ణి పంపింది. వాడికి చెప్పారు కూడా, అది ఒప్పుకోవాలి. కానీ వాడి చేతికి వెండి కడియం ఉంది, వర్క్‌షాపులోకి పోయేముందు తీయమని ఎవరూ అనలేదు. ఆ రోజు నేనే తీయించి జేబులో వేసుకొచ్చాను. ఇప్పటికీ మా ఇంట్లో దేవుడి పటం వెనకాలే ఉంది.

ఈ పిలకాయలు రేపు ఎక్కడికి పోతారు? కొందరు పెద్ద కంపెనీల షోరూములకి పోతారు, అక్కడ లిఫ్టులుంటాయి, బూట్లుంటాయి. ఎక్కువమంది పోయేది నెల్లూరు ఆటోనగర్‌కి, ఒంగోలుకి, కృష్ణపట్నం పోర్టు లారీలు చూసే షెడ్లకి, చీమకుర్తి గ్రానైట్ టిప్పర్ల దగ్గరికి. ఆ షెడ్లలో బోర్డు మీద రాసిన నియమాలుండవు. వీళ్లు ఏ అలవాటుతో పోతే అదే అక్కడి నియమం.

నేనూ రెండేళ్లు చీమకుర్తి వైపు ఒక షెడ్డులో చేశాను. టిప్పర్ తొట్టి పైకి లేపి కింద గ్రీజు కొట్టడం, పైపు మార్చడం రోజూ ఉండే పని. తొట్టిని నిలబెట్టేది నూనె ఒత్తిడి. పైపు వదులు చేస్తే నూనె పోతుంది, లేదా క్యాబిన్‌లో ఎవడో పొరపాటున లివరు తగిలిస్తాడు. ఖాళీ తొట్టే అయినా టన్నుల బరువు, క్షణంలో దిగుతుంది. ఆ షెడ్డు యజమానికి చదువు రాదు, వేలిముద్ర. కానీ ఆయన దగ్గర ఒక కట్టుబాటు ఉండేది. తొట్టి లేపగానే ఎర్ర రంగు వేసిన ఇనప ఊతకర్ర అడ్డం పెట్టాలి, బండి తాళంచెవి తీసి కిందికి దూరేవాడి జేబులో వేసుకోవాలి. డ్రైవరు జేబులో ఉండకూడదు, ఓనరు జేబులో ఉండకూడదు. ఒకరోజు సాక్షాత్తూ బండి ఓనరు వచ్చి, అర్జెంటు లోడుంది తాళమియ్యమని అరిచాడు. నేను కిందనుంచే, "నా జేబులో ఉంది సార్, నేను బయటికొస్తేనే అది వస్తుంది" అన్నాను. మా యజమాని స్టూలు మీద కూర్చుని బీడీ కాలుస్తా నవ్వుతున్నాడు. ఇంజిన్ అవతలి పక్క ఒకడు ఫ్యాన్ బెల్టు మీద చెయ్యి పెట్టి ఉండగా ఇవతలి పక్క ఇంకొకడు సెల్ఫ్ కొట్టకుండా ఉండాలంటే, ఇంతకంటే మంచి ఉపాయం నాకు ఇప్పటిదాకా కనపడలేదు. దీనికి రూపాయి ఖర్చు లేదు. ఏ ఐటీఐ అయినా రేపట్నుంచే మొదలుపెట్టొచ్చు.

టైర్ల గురించి ఒక్క మాట. లారీ టైరుకి 100 పౌండ్ల పైన గాలి పడుతుంది. టైరుని పట్టి ఉంచడానికి విడిగా ఇనప రింగు బిగించే రింగు డిస్కులు తగ్గాయి గానీ పోలేదు. రింగు గాడిలో సరిగా కూర్చోకపోతే గాలి నిండే కొద్దీ అది ఫిరంగి గుండే. మా షెడ్డుకి నాలుగిళ్ల అవతల పంక్చరు కొట్టు రేకుకి నెలవంక ఆకారంలో చిల్లు చాలా ఏళ్లు ఉండేది. రింగు పోయిన దారి అది. గాలి పెట్టి టీ తాగడానికి పోయాడు కాబట్టి ఆ మనిషి ఇంకా ఉన్నాడు. టైరుని ఇనప బోనులో పెట్టి, పొడుగు పైపు తగిలించి, పక్కకి జరిగి గాలి కొట్టాలి. మావాడి వర్క్‌షాపులో బోను ఉంది, అందులో పాత బల్లలు సర్దారు.

ఇక ఈ కరెంటు కార్ల పాఠం నాకు రాదు, మావాడే నాకు చెప్పాడు. నారింజ రంగు వైరు కనపడితే చెయ్యి పెట్టొద్దు తాతా, అందులో వందల వోల్టులు ఉంటాయి, ముందు కనెక్షను తెంచి, కాసేపు ఆగి, మీటరుతో చూసి, రబ్బరు గ్లౌజులతోనే ముట్టుకోవాలి అని. ఎయిర్‌బ్యాగు ఉన్న కారులో స్టీరింగు ఊడదీసే ముందు కూడా బ్యాటరీ తీసి ఆగాలట. నేను నేర్చుకున్నది 50 ఏళ్ల కిందటి బండి, అది మనిషికి ఆలోచించుకునే వ్యవధి ఇచ్చేది. ఇవి ఇవ్వవు. అందుకని పాత పద్ధతిలో దెబ్బ తగిలాక నేర్చుకుందామంటే ఇక కుదరదు.

"మేమంతా చెప్పుల్లేకుండానే నేర్చుకోలేదా" అని సమావేశంలో నా ఈడు పెద్దమనిషి ఒకాయన అన్నాడు. ఆ మాట అనగలిగేవాళ్లంతా మిగిలినవాళ్లే. సింగరాయకొండ దగ్గర పోయినవాడు ఏ సమావేశానికీ వచ్చి తన మాట చెప్పలేడు. ఎండాకాలం బూట్లలో కాళ్లు ఉడికిపోతాయని పిలకాయలు అంటారు, అది నిజమే, నేను కాదనను. ఉదయం పూట వర్క్‌షాపు, మధ్యాహ్నం తరగతి అని టైము మార్చుకుంటే సరి. బడులకి ఒంటిపూట పెడుతున్నాం గదా.

అధికారులకి నా విన్నపం ఒకటే, అది బీరువా గురించి. కళ్లద్దాలు, గ్లౌజులు, బూట్లు స్టాకు రిజిస్టర్లో ఆస్తి కింద రాయకండి. నూనె, సబ్బు, వేస్టు గుడ్డలు ఏ పద్దులో రాస్తున్నారో ఆ పద్దులో రాయండి. అరిగితే అరిగాయి, పోతే పోయాయి. చేరిన రోజే ఎవరివి వాళ్లకి ఇచ్చేయండి, సారు సాయంత్రం లెక్క పెట్టే పని ఉండదు. స్టాండ్లని, చక్రాలకి అడ్డం పెట్టే చెక్కల్ని జాకీకే గొలుసు వేసి కట్టండి, జాకీ లాగితే అవి కూడా వెంట రావాలి. తనిఖీకి వచ్చే సార్లు లెక్క చూసే ముందు ఒక స్టాండు చేతిలోకి తీసుకుని రంగు రేగిందో లేదో చూడండి. రంగు కొత్తగా ఉంటే, ఎందుకు ఉందని అడగండి. ఏటా మార్చి 4న భద్రతా దినోత్సవం అని బ్యానరు కట్టి ప్రతిజ్ఞ చేయిస్తున్నారు. ఆ రోజు బ్యానరు కట్టే తాడుతో పాటు ఆ బీరువా తాళం కూడా తీస్తే బాగుంటుంది.

మావాడి సంస్థకి నాలుగు స్టాండ్లు నేనే కొనిస్తానని సారుతో చెప్పాను. షెడ్డు సామాను అమ్మిన డబ్బు కొంత ఉంది. ఆయన చాలా సంతోషించి, "మీ పేరన దానం కింద స్టాకు రిజిస్టర్లో ఎక్కిస్తాను పెద్దాయనా" అన్నారు. ఆ ఒక్కటీ వద్దన్నాను.

ఇట్లు,
పని మానుకున్న ఒక లారీ మేస్త్రి,
కావలి, నెల్లూరు జిల్లా.